పారిస్ వీధుల చిత్రగుప్తుడు – యూజేన్ ఆట్జే

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి పంపమని కార్యదర్శి గారు కోరారు. మిత్రులు చాలామంది దేశనాయకుల గురించీ, కవుల గురించీ, వాగ్గేయకారుల గురించీ రాస్తారని నాకు తెలుసు. నేను సర్వీసంతా ఒక ప్రభుత్వ శాఖ ఫోటో విభాగంలో గడిపినవాణ్ణి. అందుచేత నా వృత్తికే చెందిన ఒక పెద్దమనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు యూజేన్ ఆట్జే. ఫ్రాన్సు దేశస్థుడు. 1927లో కాలం చేశారు. దేశదేశాల ఫోటోగ్రాఫర్లు ఈనాటికీ గురువుగా తలచుకునే ఈయనను, బతికి ఉన్న రోజుల్లో కొద్దిమంది ఖాతాదార్లు తప్ప ఎరిగినవారు లేరు.

ఆయన కెమెరా రాజుల వెంట పోలేదు, యుద్ధాల వెంట పోలేదు. తలుపులు, మెట్లు, దుకాణాల గాజు కిటికీలు, గోడవార ఆపిన తోపుడు బండ్లు, చెట్ల వేళ్ళు – ఇవీ ఆయన సరుకు. అందరూ రోజూ నడిచే దారిలో ఉన్నవాటినే, ఎవరూ నిలబడి చూడనివాటినే, ముప్ఫై ఏళ్ళకు పైగా తీస్తూ ఎనిమిది వేలకు మించి గాజు పలకల మీదకు ఎక్కించారు. చిత్రగుప్తుడు మనుషుల లెక్క రాస్తాడంటారు. ఈయన ఒక ఊరి లెక్క రాశారు.

1857 ఫిబ్రవరి 12న బోర్డో నగరానికి దగ్గరగా ఉన్న లిబూర్న్ అనే చిన్న పట్నంలో ఆట్జే జన్మించారు. తండ్రి గుర్రపు బండ్లు తయారుచేసే వృత్తిలో ఉండేవాడు. పిల్లవాడు ఊహ తెలిసే వయసుకు వచ్చేలోగానే తండ్రీ తల్లీ ఇద్దరూ పోయారు. బోర్డోలో అమ్మమ్మ, తాతయ్య చేరదీసి పెంచారు. చదువు ముగిశాక వ్యాపార నౌకల్లో పనికి కుదిరి కొంతకాలం సముద్రం మీద తిరిగారు. 1878లో పారిస్ చేరారు. నటుడు కావాలని ఆయన కోరిక. అక్కడి నాటక విద్యాలయం ప్రవేశ పరీక్షలో మొదటిసారి తప్పి, మరుసటి ఏడు సీటు సంపాదించుకున్నారు. అయితే ఆ రోజుల్లో ఫ్రాన్సులో యువకులకు సైనిక సేవ తప్పనిసరి. డ్యూటీ పోగా మిగిలిన వేళల్లో పాఠాలకు వెళ్ళడం కుదరక చదువు వెనకబడింది. 1881లో విద్యాలయం వారు పేరు కొట్టేశారు.

పట్టా లేకపోతేనేం, ఊరూరా తిరిగే నాటక బృందంలో చేరారు. మన సురభి వారి వంటి పేరున్న సమాజం కాదది. పారిస్ శివార్లలోనూ చిన్న పట్నాల్లోనూ ఆడుకునే మామూలు బృందం. ఈయనకు దక్కినవి చిన్న వేషాలే. ఆ తిరుగుళ్ళలోనే వాలెంటీన్ అనే నటితో పరిచయమైంది. ఆమె ఈయనకంటే దాదాపు పదేళ్ళు పెద్దది, ఒక కొడుకు కూడా ఉన్నాడు. ఆ పరిచయం నలభై ఏళ్ళ సహజీవనమైంది. 1887లో ఆట్జేకు గొంతు జబ్బు చేసింది. గొంతు లేని నటుడు ఏం చేస్తాడు? రంగస్థలం వదిలి కొన్నాళ్ళు కుంచె పట్టారు. అదీ తిండి పెట్టలేదు. అప్పటికి ముప్ఫై దాటాయి. నౌక పోయింది, నాటకం పోయింది, చిత్రలేఖనం పోయింది. ఆ పరిస్థితిలో కెమెరా పట్టుకున్నారు.

1890లో పారిస్ తిరిగి వచ్చి ఇంటి తలుపుకు ఒక బోర్డు తగిలించారు. కళాకారులకు పనికివచ్చే దాఖలాలు ఇక్కడ దొరుకుతాయని దాని అర్థం. చిత్రకారుడికి ఒక రకం చెట్టో, బండి చక్రమో, ఓడరేవో గీయవలసి వస్తే ఊరంతా తిరగనక్కరలేదు. ఈయన దగ్గరకు వచ్చి నాలుగు ఫోటోలు కొనుక్కుపోతే సరి. కమ్మరులు మెట్ల కటకటాల నమూనాల కోసం వచ్చేవారు. వడ్రంగులు తలుపు చెక్కడాల కోసం, నాటకాల వాళ్ళు తెరల మీద వేయడానికి వీధుల కోసం వచ్చేవారు. ఎవరెవరు ఏయే రకం బొమ్మలు కొంటారో, వారి ఇళ్ళెక్కడో రాసుకున్న ఆయన చేతి పుస్తకం న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం వారి వద్ద ఉంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకానికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఈ దాఖలా అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. మా విభాగంలో మేం తీసినదాన్ని ఎవరూ బొమ్మ అనేవారు కాదు. రికార్డు అనేవారు. కట్టకముందు స్థలం, కట్టాక భవనం, శంకుస్థాపన ఫలకం, కూలిన గోడ. ప్రింటు వెనక ఫైలు నంబరు ఉంటుంది, తీసినవాడి పేరు ఉండదు. నేను చేరకముందు కాలపు గాజు నెగెటివ్‌లను వేడినీళ్ళతో కడిగేసి, ఆ అద్దాలను ఫోటో ఫ్రేములకు వాడుకున్నారని సీనియర్లు చెప్పగా విన్నాను. ఆ గాజు మీద ఏ ఊళ్ళు ఉండేవో ఇక ఎవరికీ తెలియదు. ఆట్జే జీవితం చదివినప్పుడల్లా నాకు ఆ కడిగిన అద్దాలే గుర్తొస్తాయి. ఆయన పలకలకూ ఆ గతే పట్టవలసింది. ఎలా తప్పిందో ముందు చెబుతాను.

ఇంచుమించు అదే కాలంలో మన హైదరాబాదులో రాజా దీనదయాళ్ గారు ఉన్నారు. 1844లో జన్మించి 1905లో గతించిన ఆయన ఇండోర్‌లో పి.డబ్ల్యు.డి. ఉద్యోగిగా జీవితం మొదలుపెట్టి, ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, బిరుదులు పొందారు. ఆయన తీసిన దర్బార్లు, రాజప్రాసాదాలు, వేటలు చూస్తే కళ్ళు చెదురుతాయి. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే నేను జవాబు చెప్పను. దీనదయాళ్ గారి కెమెరా ముందుకు వచ్చినవారు అలంకరించుకుని వచ్చారు. ఆట్జే కెమెరా ముందు ఉన్నవాటికి తమను ఎవరో చూస్తున్నారన్న సంగతే తెలియదు. తేడా అంతే.

ఇక పనితీరు. ఆట్జే వాడినది చెక్క పెట్టె కెమెరా. ముందు తోలు బెల్లోస్, వెనక గ్రౌండ్ గ్లాస్. ఒక్కొక్క ప్లేటు 18 సెంటీమీటర్లు బై 24 సెంటీమీటర్ల గాజు పలక. కెమెరా, చెక్క స్టాండు, ప్లేట్ల హోల్డర్లు అన్నీ కలిపితే ఇరవై కిలోలకు దగ్గర. ఆ మోత భుజాన వేసుకుని తెల్లవారుజామునే బయలుదేరేవారు. బండ్లూ జనమూ రోడ్డెక్కక ముందే వీధి దొరకాలి. నల్లగుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాస్‌లో తలకిందులుగా కనబడే వీధిని సరిచూసుకుని, లెన్సు మూత తీసి, తగినంత సేపు ఉంచి మూసేయడం – ఇదీ పద్ధతి. ఎక్స్‌పోజరు అంత సేపు ఉండేది గనుక ఆ దారిన నడిచిపోయిన మనిషి పొగలాగా పడేవాడు, లేకపోతే అసలు పడేవాడే కాదు. అలా ఆయన వీధులు ఖాళీగా కనిపిస్తాయి. అక్కడక్కడా ఒక అరమనిషి, ఒక కుక్క నీడ.

ఎత్తయిన భవనం పూర్తిగా పట్టాలని లెన్సును పైకి జరిపేవారు. లెన్సు అంత దూరం వెలుతురు పంపలేదు. అందుకే చాలా ఫోటోల్లో పై మూలలు రెండూ చీకటిగా, గుండ్రంగా తిరిగి ఉంటాయి. ప్లేటును పట్టి ఉంచే క్లిప్పుల గుర్తులు అంచున నల్లగా పడేవి. మా ఆఫీసులో అయితే అటువంటి ప్రింటు వెనక్కి వచ్చేసేది. ఆయన పట్టించుకోలేదు. కమ్మరికి కావలసింది మెట్ల కటకటా. మూల నల్లబడితే ఆయనకేం?

ప్రింట్లు ఇంటి దగ్గరే వేసుకునేవారు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద గాజు నెగెటివ్ పెట్టి, చట్రంలో బిగించి ఎండలో పెట్టడం. బొమ్మ కళ్ళముందే మెల్లగా ముదురుతుంది. తర్వాత బంగారు లవణం కలిపిన నీళ్ళలో ముంచితే గోధుమ రంగుకు నిలకడ వస్తుంది. ఎన్‌లార్జరు లేదు. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. నెగెటివ్ మీద గీకిన నంబరు ప్రింటులో కింద కనిపిస్తుంది. ఎండ లేని రోజున పని లేదు. చుట్టూ లోకం కొత్త కాగితాలకూ చిన్న కెమెరాలకూ మారిపోయినా ఆయన ఈ పాత పద్ధతి వదల్లేదు.

1897 ప్రాంతంలో ఆయన పనికి ఒక దిక్కు దొరికింది. అంతకు నలభై ఏళ్ళ ముందే హౌస్‌మన్ అనే అధికారి పారిస్‌లో ఇరుకు సందులు కొట్టించి విశాలమైన వీధులు వేయించాడు. మిగిలిన పాత పేటలు కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. వాటిని గుర్తుపెట్టుకోవాలన్న ఆరాటం అప్పుడు పట్నంలో మొదలైంది. పాత పారిస్ కట్టడాల కోసం నగరపాలక సంస్థ ఒక కమిషన్ కూడా వేసింది. కార్నావాలే మ్యూజియం, నగర చరిత్ర గ్రంథాలయం, జాతీయ గ్రంథాలయం ఆట్జే ఫోటోలు కొనసాగాయి. లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం కూడా కొన్నది. పారిస్‌లో బియెవ్ర్ అని ఒక చిన్న నది ఉండేది. తోళ్ళు ఊనేవాళ్ళు దాని ఒడ్డున పనిచేసేవారు. మన ఊళ్ళలో మురుగు కాలువలు కప్పి రోడ్లు వేసినట్టే, 1912కల్లా ఊరిలోపల దాన్ని పూర్తిగా కప్పేశారు. కప్పకముందు ఆ నీళ్ళూ, ఒడ్డున ఆరబెట్టిన తోళ్ళూ ఎలా ఉండేవో ఆట్జే ప్లేట్ల మీద ఉంది. 1889లో లేచి ప్రపంచమంతా విడ్డూరంగా చెప్పుకున్న ఐఫెల్ టవర్‌ను మాత్రం ఆయన పట్టించుకోలేదు. దాన్ని తీసేవాళ్ళు వేలమంది ఉన్నారు గదా.

1898 నుంచి రెండు మూడేళ్ళపాటు వీధి వృత్తులవాళ్ళను తీశారు. లాంపు గొడుగులు అమ్మేవాడు, గొడుగులు అమ్మేవాడు, చిత్తుకాగితాల మూటలతో బండి లాగేవాడు. వీటిలో ఒక ఫోటో గురించి చెప్పకుండా ఉండలేను. వీధిలో చక్రం తిప్పుతూ వాయిద్యం మోగించే గడ్డం మనిషి, పక్కన పాట పాడే ఒక పొట్టి స్త్రీ. మనిషి ముఖం జీవం లేకుండా, అలసిపోయి ఉంటుంది. ఆ స్త్రీ మాత్రం తల పైకెత్తి, చెయ్యి చాపి, ఆకాశంలో ఎవరో తన పాట వింటున్నట్టు వెలిగిపోతుంటుంది. వెనక ఉన్నది ఒక మామూలు గుమ్మం. చిల్లర కోసం పాడే పాటలో అంత ఆనందం ఉంటుందని ఎవరు ఊహిస్తారు? ఆట్జే తానూ ఊరూరా తిరిగి వేషాలు వేసినవాడు గనుక ఆమెను గుర్తుపట్టారని నా నమ్మకం.

1910 ప్రాంతంలో పారిస్ ఇళ్ళ లోపలి గదులు తీసి ఒక ఆల్బం కట్టారు. ఫలానా వర్తకుడి ఇల్లు, ఫలానా కూలీ ఇల్లు, ఒక నటుడి ఇల్లు అని కింద రాశారు. ఆ నటుడి ఇల్లు అన్నది మరెవరిదో కాదు, ఆట్జే కాపురం చేసిన గదులే. పేరు మార్చి, వీధి మార్చి, తన పుస్తకాల బీరువానూ మంచాన్నీ దాఖలాల్లో కలిపేశారు. ఆ సంగతి తర్వాతి పరిశోధకులు పట్టుకున్నారు. నటన మానేసి ఇరవై ఏళ్ళు దాటినా ఆయన మనసులో తానింకా నటుడే కాబోలు.

మనిషి మొండివాడు. కడుపులో పుండు కారణంగా చివరి రెండు దశాబ్దాలూ పాలు, రొట్టె, పంచదార తప్ప ఇంకేదీ ముట్టలేదని ఆయన మిత్రుడు ఆంద్రే కాల్మెత్ తర్వాత రాశాడు. ఆ తిండితో ఆ బరువు మోసుకుని రోజుకు ఎన్ని మైళ్ళు నడిచారో! 1899లో మోంపార్నాస్ పేటలో కంపాన్ ప్రెమియేర్ అనే వీధిలో అయిదో అంతస్తులో చేరి, మరణించేదాకా అక్కడే ఉన్నారు. మెట్లెక్కాలి, అదీ కెమెరాతో.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వాలెంటీన్ కొడుకు లెయాన్ యుద్ధంలో చనిపోయాడు. ఫిరంగి దాడుల భయానికి ఆట్జే తన ప్లేట్లన్నీ నేలమాళిగలోకి దించి, ఫోటోలు తీయడం దాదాపు మానేశారు. యుద్ధం ముగిసేసరికి అరవై దాటాయి. కొడుకు లేడు, వారసులు లేరు. నేలమాళిగలో వేలకొద్దీ గాజు పలకలు.

1920లో, 63 ఏళ్ళ వయసులో, ఫ్రెంచి ప్రభుత్వ లలితకళల శాఖ అధిపతికి ఒక ఉత్తరం రాశారు. మనలాంటివాళ్ళు చదవదగ్గ ఉత్తరం అది. ఇరవై ఏళ్ళకు పైగా తన సొంత పూనికతో పాత వీధులన్నీ తీశానని, పాత పారిస్ మొత్తం తన దగ్గర ఉందని చెప్పుకున్నారు. తాను డెబ్బైకి చేరువవుతున్నానని, వెనక ఎవరూ లేరని, దీని విలువ తెలియనివారి చేతుల్లో పడి పోతుందేమోనన్న దిగులు తనను తినేస్తున్నదని రాశారు. అందులో ఆత్మస్తుతి లేదు, దీనత్వమూ లేదు. ఛార్జి అప్పగించేవాడు సరుకు జాబితా చదివినట్టుగా ఉంటుంది. ప్రభుత్వం 2,621 నెగెటివ్‌లను 10,000 ఫ్రాంకులకు కొన్నది. అంటే ప్లేటుకు నాలుగు ఫ్రాంకులు కూడా కాదు. అయినా ఒకేసారి అంత సొమ్ము ఆయన చేతికి రావడం పెద్ద విషయమే.

మనలో చాలామంది ఆ వయసుకు గ్రాట్యుటీ లెక్క చూసుకుని కుర్చీలో కూర్చుంటాం. ఆయన మళ్ళీ కెమెరా భుజానికెత్తుకున్నారు. తిండికి లోటు లేదు. ఫలానా తలుపు కావాలని అడిగే ఖాతాదారు కోసం కాచుకోనక్కరలేదు. 1920 తర్వాత ఏడేళ్ళలో తీసినవి చూస్తే మనిషి చేయి మారిందని తెలుస్తుంది. పద్ధతి అదే, పరికరం అదే, వీధులు కూడా చాలావరకు అవే. కాని ఇప్పుడు తలుపు కోసం తలుపు తీయడం లేదు.

ఉదాహరణకు 1925లో గోబెలీన్ వీధిలో ఒక రెడీమేడ్ బట్టల దుకాణం. గాజు వెనక కోట్లు తొడిగిన మైనపు బొమ్మలు ధర చీటీలు తగిలించుకుని నవ్వుతున్నాయి. అదే గాజు మీద ఎదురుగా ఉన్న భవనమూ, చెట్లూ ప్రతిబింబించాయి. లోపలిదీ బయటిదీ కలిసిపోయి ఆ మైనపు పెద్దమనుషులు కొమ్మల మధ్య నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. షాపు అద్దం తీసేటప్పుడు ప్రతిబింబం పడకూడదని మాకు శిక్షణలో నేర్పేవారు. వాలుగా నిలబడాలి, నల్లగుడ్డ అడ్డం పెట్టాలి. అంత అనుభవమున్న ఆట్జేకు ఆ ఉపాయాలు తెలియవా? తెలిసే ఊరుకున్నారు. అద్దంలో పడినది అబద్ధం కాదు గదా, అదీ ఆ వీధే.

అదే ఏడాది మార్చి నుంచి జూన్ వరకు, 68 ఏళ్ళ వయసులో, పారిస్‌కు దక్షిణాన ఉన్న సో అనే పాత ఉద్యానవనానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఒకప్పుడు ప్రభువులు వేయించిన తోట. అప్పటికి పాడుబడి, విగ్రహాలకు నాచుపట్టి, కొలనుల్లో తుంగ పెరిగింది. త్వరలో బాగుచేయబోతున్నారు. బాగుచేస్తే ఆ పాత అందం పోతుందని ఆయన తొందర. వెర్సాయ్, సెంక్లూ తోటల్లోనూ అంతకుముందు ఏళ్ళ తరబడి తిరిగారు. సెంక్లూలో ఒడ్డుమీద మట్టి కొట్టుకుపోయి బయటపడిన చెట్ల వేళ్ళను తీసిన ఫోటోలు చూడండి, ముసలివాళ్ళ చేతుల్లా ఉంటాయి. సో తోట ప్రింట్ల మీద నెల, వేళ కూడా రాసుకున్నారు. ఉదయం ఏడు గంటలు అని. ఏడింటికి అక్కడ ఉండాలంటే ఎన్నింటికి లేవాలి, ఎంత మోసుకుని వెళ్ళాలి! ఇవన్నీ ఎవరూ అడగని ఫోటోలు. మొత్తం జీవితంలో ఇవే గొప్పవని చాలామంది తీర్పు. నా తీర్పూ అదే.

ఆయన ఇంటి వీధిలోనే మాన్ రే అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు కాపురముండేవాడు. కొత్త కవులతోనూ చిత్రకారులతోనూ తిరిగే యువకుడు. ముసలాయన దగ్గర యాభై దాకా ఫోటోలు కొన్నాడు. 1926లో ఆ కవుల పత్రిక ముఖచిత్రంగా వాటిలో ఒకటి వేశారు. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణం నాడు బాస్తీ కూడలిలో జనం గుమిగూడి, నల్లటి అద్దాలు కళ్ళకు పెట్టుకుని, అందరూ ఒకే దిక్కుకు తలెత్తి చూస్తున్న ఫోటో అది. గ్రహణం ఫోటోలో లేదు. చూస్తున్నవాళ్ళే ఉన్నారు. పత్రికవారు దానికి మతం మార్చుకుంటున్న జనం అన్న అర్థం వచ్చే వింత శీర్షిక పెట్టారు. తన పేరు వేయవద్దని, అవి ఉత్త దాఖలాలేనని ఆట్జే ముందే చెప్పారట. చేతిలో పట్టుకుని తీసే చిన్న కెమెరా ఇస్తానని మాన్ రే అంటే, అది తన ఆలోచన కంటే వేగంగా పనిచేస్తుందని వద్దన్నారట. మాన్ రే తర్వాతి కాలంలో చెప్పిన మాటలివి.

మాన్ రే దగ్గర బెరెనిస్ ఆబట్ అనే అమెరికన్ అమ్మాయి సహాయకురాలిగా ఉండేది. 1925లో ఆ ఫోటోలు చూసి ఆమె నిర్ఘాంతపోయింది. మెట్లెక్కి వెళ్ళి, మాట కలిపి, తనకున్న కొద్ది డబ్బుతో ప్రింట్లు కొంటూ వచ్చింది. 1926లో వాలెంటీన్ చనిపోయింది. ఆట్జే ఒంటరివారయ్యారు. 1927లో ఆబట్ ఆయనను తన స్టూడియోకు పిలిచి ఫోటో తీసింది. రోజూ వేసుకునే అతుకుల కోటుతో వస్తారనుకుంటే మంచి ఓవర్‌కోటు తొడుక్కుని వచ్చారు. వంగిన వీపు, దిగిన బుగ్గలు, అలసిన కళ్ళు. ప్రింట్లు వేసి చూపిద్దామని ఆమె వెళ్ళేసరికి మనిషి లేరు. 1927 ఆగస్టు 4న కన్నుమూశారు. వయసు డెబ్బై. బాన్యో శ్మశానంలో ఖననం చేశారు.

ప్రభుత్వం కొన్నది పోను ఇంట్లో మిగిలిన ప్లేట్లు, ప్రింట్లు మిత్రుడు కాల్మెత్ సంరక్షణలో పడ్డాయి. ఆబట్ ఆయనను వెతికి పట్టుకుని, బతిమాలి, 1928లో వెయ్యికి పైగా గాజు ప్లేట్లూ, వేలకొద్దీ ప్రింట్లూ కొన్నది. అప్పటికామె వయసు ముప్ఫై. వెనక ఆస్తిపాస్తులు లేవు. తర్వాత జూలియన్ లెవీ అనే న్యూయార్క్ కళా వ్యాపారి ఆమెకు సాయపడ్డాడు. 1929లో ఆ పెట్టెలతో అట్లాంటిక్ దాటించి అమెరికా తెచ్చింది. 1930లో ఆట్జే ఫోటోల పుస్తకం వెలువడటానికి ఆమె పూనికే కారణం. ఆయన పారిస్‌కు చేసినదాన్ని తాను న్యూయార్క్‌కు చేయాలని, కూలుతూ లేస్తూ ఉన్న ఆ నగరాన్ని 1930లలో కొన్నేళ్ళు పట్టుగా తీసింది. ఆట్జే ప్లేట్లను నలభై ఏళ్ళు కాపాడి 1968లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియానికి అమ్మింది. అక్కడివారు వాటిని నంబర్లవారీగా పరిశీలించి 1981 నుంచి 1985 వరకు నాలుగు ప్రదర్శనలు, నాలుగు సంపుటాలు తెచ్చారు. ఆబట్ అవన్నీ చూసి 1991లో చనిపోయింది. బంధువు కాదు, శిష్యురాలు కూడా కాదు. రెండేళ్ళ పరిచయం మాత్రమే.

ఇప్పుడు ఈ ఫోటోలు చూడడానికి పారిస్ పోనక్కరలేదు. 2020 జనవరిలో పారిస్ నగర మ్యూజియంలు కాపీరైటు తీరిన బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టాయి. కార్నావాలే మ్యూజియం ఆట్జే నుంచి కొన్నవి వాటిలో ఉన్నాయి. మనవడినో మనవరాలినో ఫోన్‌లో తీసి పెట్టమనండి. కళ్ళజోడు పెట్టుకుని కింద నంబరు దగ్గర నుంచి పై నల్లటి మూలల దాకా తీరిగ్గా చూడండి.

1908లో సేన్ నది గట్టున ఒక మద్యం దుకాణాన్ని తీశారు. డోలు గుర్తున్న దుకాణం. ఆయన తీయబోయింది గుమ్మం మీది ఆ పాత గుర్తు కోసం. తలుపు గాజు వెనక నుంచి ఇద్దరు మనుషులు బయటికి తొంగిచూస్తున్నారు, ఈ ముసుగు మనిషి ఎవరా అని. ఆ ముఖాలకు పక్కనే, అదే గాజులో, స్టాండు మీద చెక్క కెమెరా, దాని దగ్గర నిలబడిన ఒక మనిషి లీలగా కనిపిస్తారు. ఆయనే ఆట్జే.